బాగా తట్టుకున్నారు

మార్చి 5, మంగళవారం

మిగతా అరవై మందికీ కలిపి చెప్పిన మాటలకన్నా పిన్ని ఒక్కదానికి చెప్పినవే ఎక్కువ.

"స్కాన్ అంటే ఫొటోయే కదా, దానికి ఒంట్లోకి మందెందుకే?" అని మొదలుపెట్టింది. లోపలున్నవి విడివిడిగా కనపడాలంటే నరంలోకి రంగు మందు ఎక్కించాలని చెప్పాను. పాత మందు కిడ్నీలకు బరువనీ, ఈ కొత్తది తేలికని మా పెద్ద మేడం నమ్మకమనీ, నూట ఇరవై మందికి ఇచ్చి ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నది రాయడమే ఇప్పుడు నా పని అనీ చెప్పాను. ఆవిడ కడుపునొప్పికి స్కాన్ ఎలాగూ తప్పదు. ఏదో ఒక మందూ తప్పదు.

"పడకపోతే?"

"నేను పక్కనే ఉంటాగా."

"అయితే సరే. సంతకం ఎక్కడ పెట్టమంటావ్?"

అలా అరవై ఒకటో నంబరు మా పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి నర్సింగ్ చదివించింది. నరం నేనే చూసి సూది పెట్టాను. మందు ఎక్కగానే అందరికీ అయినట్టే ఒళ్ళంతా వేడి, నోట్లో ఇనుము రుచి, కింద తడిసిపోయిందేమోనన్న అనుమానం. లోపలి మైకులోంచి "ఏమే, నేను గానీ బట్టలు పాడుచేశానా?" అని ఒకటే అరుపు. టెక్నీషియన్ నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారబోయాడు.

కాలేయం మీద చిన్న మచ్చ ఉందట. భయం లేదు, ఆరు నెలలకు మళ్ళీ తీయించాలన్నారు.

మార్చి 8, శుక్రవారం

పిన్ని రెండు చేతుల మీదా దద్దుర్లు, మోచేతుల దాకా. మూడో రోజున కూడా బయటపడొచ్చని చదివాను గానీ, చూడటం ఇదే. అరవై ఒకటో కాగితంలో రాశాను.

మార్చి 10, ఆదివారం

బొబ్బలెక్కాయి. పిన్ని కత్తెర పట్టలేకపోతోంది. నేను పక్కన ఉండి ఏం ఒరగబెట్టానని ఒకటే బాధ.

మధ్యాహ్నం ఊహించని సంగతి. మేడం స్వయంగా కారు నడుపుకుంటూ పిన్ని ఇంటికి వచ్చారు! అంత పెద్ద డాక్టరు, యూనిఫారాల గుట్ట పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన చేత్తో పూత మందు రాశారు. "కుట్టుపని చేసేవాళ్ళకి కొత్త బట్టల రంగు వల్ల కూడా ఇలా వస్తుందమ్మా" అన్నారు. వెళ్తూ నా భుజం తట్టి, "బంగారం, నువ్వు దిగులు పడకు" అన్నారు.

పన్నెండేళ్ళ క్రితం జనరల్ వార్డులో మంచాల మధ్య పరిగెడుతున్న నన్ను స్కానింగ్‌కి తీసుకొచ్చింది ఈవిడే. ఈ జన్మకి ఆ రుణం చాలు.

మార్చి 14, గురువారం

డెబ్బై నాలుగు. స్కూలు బస్సు డ్రైవరు. కిడ్నీలో ఏదో ఉందని వచ్చాడు. మందు ఎక్కిన ఇరవై నిమిషాలకు మెడ నిండా దద్దుర్లు, గొంతు బొంగురు. ఇంజెక్షన్ ఇచ్చి గంటన్నర కూర్చోబెట్టాం. తగ్గింది. "పిల్లల్ని బెదిరించే గొంతు సిస్టర్, ఇది పోతే బస్సులో నా మాట ఎవడు వింటాడు?" అని జోకులు.

మేడం వచ్చి చూసి, "ఖాళీ కడుపు, పైగా భయం. మందు వల్ల కాదులే" అని అతనికి ధైర్యం చెప్పారు. నేను మాత్రం కాగితంలో ఎర్ర సిరాతో రాశాను.

ఏప్రిల్ 23, మంగళవారం

నూట ఇరవై పూర్తయ్యాయి. నా చేతిరాత కాగితాలన్నీ మేడం తీసుకున్నారు. "కంప్యూటర్లోకి నేనే ఎక్కించేశా, నీకెందుకు శ్రమ" అంటూ అచ్చు కాగితాల దొంతర ముందు పెట్టి చివరి పేజీ తీశారు. మేడం సంతకం పక్కన నా సంతకం కావాలట. పై పేజీలు తిరగేయబోతే నవ్వారు. "ఏంటి బంగారం, నా మీద అనుమానమా?"

సిగ్గేసింది. సంతకం పెట్టాను.

మే 9, గురువారం

ఆడిటోరియంలో మేడం ప్రసంగం. వందమంది డాక్టర్లు. మొదటి వరుసలో నేను. తెర మీద చివరి వాక్యం: "రోగులు ఈ మందును బాగా తట్టుకున్నారు." దాని కింద కృతజ్ఞతల్లో నా పేరు.

నూట ఇరవైలో నలుగురికి మాత్రమే ఇబ్బంది అన్నారు. నలుగురేనా అనిపించింది ఒక్క క్షణం. సీరియస్‌వే లెక్కలోకి తీసుకుని ఉంటారు. ఆ లెక్కలు వేరే ఉంటాయి, మేడంకి తెలియదా. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

పిన్ని చేతులు మానాయి. మచ్చలున్నాయి.

జూన్ 20, గురువారం

పక్క గదిలో ఉన్నాను. కేక వినిపించి పరిగెత్తాను. బల్ల మీద డ్రైవరు. మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టుంది. మూడు నెలలకు మళ్ళీ స్కాన్‌కి వచ్చాడట, మళ్ళీ అదే మందు ఇచ్చారట. సూది పెట్టిన జూనియర్ సిస్టర్ "రికార్డులో ఏమీ లేదక్కా, రికార్డు చూశాకే ఇచ్చాను" అంటోంది. గొంతులోకి ఊపిరి గొట్టం వేసి ఐసీయూకి తీసుకెళ్ళారు.

అతని చెప్పులు స్కానింగ్ గది ముందే ఉండిపోయాయి. నేనే తీసుకెళ్ళి భార్యకిచ్చాను. ఆవిడ అడిగిందానికి ఏం చెప్పానో గుర్తు లేదు.

జూన్ 21, శుక్రవారం

సూపరింటెండెంట్ పిలిచి తెర తిప్పి చూపించాడు. డెబ్బై నాలుగు: ఏ ఇబ్బందీ లేదు. చివరన నా సంతకం.

"ఇది మీదేనా?"

నాదే.

జూన్ 22, శనివారం

నేనే తప్పు రాశానేమో. ఎర్ర సిరాతో రాసిన గుర్తు. కానీ ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు. వేరేవాళ్ళ కాగితంలో రాశానేమో. మనిషన్నాక పొరపాటు పడదా?

మేడం ఎంతో నెమ్మదిగా మాట్లాడారు. "పొరపాట్లు అందరం చేస్తాం బంగారం. రాసేటప్పుడు పొరపడ్డానని ఒక ఉత్తరం రాసివ్వు. మిగతాది నేను చూసుకుంటా. నిన్ను ఒంటరిగా వదిలేస్తానా?"

జూన్ 23, ఆదివారం

తొమ్మిది మందిలో ఇంకెవరికీ దద్దుర్లు రాలేదు. పేర్లతో సహా గుర్తున్నాయి.

అయినా నేనే పొరపడి ఉంటాను.

జూన్ 24, సోమవారం

ఉత్తరం ఇచ్చాను. మేడం కాఫీ తెప్పించారు.

జూన్ 25, మంగళవారం

రికార్డుల గదిలో పని ఉందని చెప్పి కూర్చుని అరవై ఒకటి తెరిచాను.

అరవై ఒకటి: ఏ ఇబ్బందీ లేదు.

డ్రైవరు విషయంలో పొరపడ్డానేమో. వంద మంది విషయంలో పొరపడ్డానేమో. మా పిన్ని చేతులకు పొరపడతానా? ఆ బొబ్బల మీద పదిహేను రోజులు మందు రాసింది ఈ చేతులు కావా?

అంతకన్నా రాయలేను ఇవాళ.

జూన్ 26, బుధవారం

మేడం గది తలుపు వేసి నిలబడే అడిగాను.

"అరవై ఒకటి మా పిన్ని."

"తెలుసు" అంది.

"బొబ్బలు మీరు చూశారు. మీ చేత్తో మందు రాశారు."

"రాశాను. తగ్గలేదా?" కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు, ముప్ఫై మందికి ఏదో ఒకటి వచ్చిందని పంపితే, చదివేవాడు ఆ ముప్ఫై దగ్గరే ఆగిపోతాడు. ఈ మందు మూలన పడుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు, నీ దగ్గరికి కాదు. ఆరేళ్ళు దీని వెనక తిరిగాను. దద్దుర్లకి ఎవరన్నా చచ్చిపోయారా?"

"డ్రైవరు గొట్టం మీదున్నాడు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత అదే గొంతుతో, అదే ప్రేమతో అంది. "దానికి మరి, పొరపాటు నాదేనని నువ్వే రాసిచ్చావు కదా బంగారం."

జూన్ 29, శనివారం

గొట్టం తీశారు. వార్డుకి వెళ్ళి చూశాను. మాట గాలిలా వస్తోంది, పక్కన చెవి పెడితే గానీ వినపడదు.

"ఈసారి కూడా అడిగారు సిస్టర్, ఇంతకుముందు ఏమన్నా వచ్చిందా అని. లేదన్నా. పెద్ద డాక్టరమ్మ అప్పుడు చెప్పింది కదా, మందు వల్ల కాదని."

నేను అప్పుడు అక్కడే ఉన్నాను. నోరు మూసుకుని ఉన్నాను.

"బస్సు పిల్లలు కార్డు పంపారు" అని తలకింద నుంచి తీసి చూపించాడు. అందులో బస్సుకు ఏడు చక్రాలు గీశారు. నవ్వబోయి దగ్గు తెరలో పడ్డాడు.

జూలై 1, సోమవారం

డ్రైవరు విషయం విచారించడానికి బయటి నుంచి ఒక డాక్టరును వేశారు. అరవై దాటిన మనిషి, ఏదడిగినా ముందు పెన్ను మూత తీస్తాడు. అరవై ఒకటి సంగతి మా పిన్నినే అడగండన్నాను. పిన్నికి ఫోన్ చేసి, "ఆయన ఫోన్ చేస్తాడు, జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాను. "ఊఁ" అంది. ఆ ఒక్క ఊఁ పట్టుకుని ఇవాళ అన్నం తిన్నాను.

జూలై 2, మంగళవారం

బయటి డాక్టరు పిలిచి కూర్చోమన్నాడు.

"మీ పిన్నిగారితో మాట్లాడానమ్మా. మందుకి ఏమీ రాలేదన్నారు. కొత్త బట్టల రంగు పడక చేతులు కందాయట."

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు.

పనిలోంచి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళాను. మిషను తొక్కుతోంది. నన్ను చూసీ ఆపలేదు.

"ఎందుకలా చెప్పావు?"

"నిన్న పొద్దున ఆవిడొచ్చింది."

"ఎవరు?"

"ఎవరేంటి, మీ మేడమే. నిజం చెబితే నీ ఉద్యోగం పోతుందట. సంతకం నీదట, ఉత్తరమూ నీదేనట, కేసు దాకా వెళ్తుందట. ఇక్కడే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నీ అమ్మాయిని నువ్వే ముంచుకుంటావా అంది."

"నిజం చెప్పమన్నాను కదా పిన్నీ!"

"నువ్వు చెప్పమంటావు. ముందు దూకేసి తర్వాత లోతెంత అని అడిగే రకం నువ్వు. చిన్నప్పట్నుంచీ అంతేగా. ఒడ్డున నిలబడి చూసుకోవాల్సింది నేను." అప్పుడు ఆపింది మిషను. "నావి మానిపోయాయే. మానిపోయిన చేతులకోసం నీ బతుకు పాడుచేసుకుంటానంటే ఊరుకుంటానా?"

మేడం మీద కోపం తెచ్చుకోవడం తేలిక. పిన్ని మీద ఎలా తెచ్చుకోను? వచ్చింది. మేడం మీద వచ్చినదానికన్నా ఎక్కువే వచ్చింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

జూలై 3, బుధవారం

సెలవు పెట్టాను. రోజంతా కిటికీ పక్కనే.

ఈ డైరీ తీసుకెళ్ళి చూపిస్తే? ఎప్పుడైనా కూర్చుని రాసుకోవచ్చు కదా అంటారు. పైగా మే తొమ్మిది పేజీ చదువుతారు.

మే తొమ్మిది పేజీ ఇవాళ నేను చదివాను.

జూలై 4, గురువారం

బయటి డాక్టరు ముందు కూర్చుని అన్నీ చెప్పాను. చదవకుండా సంతకం పెట్టానన్నాను. పొరపాటు నాదని రాసిచ్చిన ఉత్తరం అబద్ధమన్నాను. నలుగురేనన్న మాట మేలోనే విన్నాననీ, నా చేతిరాతలో ముప్ఫై దాకా ఉన్నాయని తెలిసీ చప్పట్లు కొట్టాననీ చెప్పాను. ఇది చెబుతున్నప్పుడు మాత్రం ఆయన రాయడం ఆపి నా వంక చూశాడు.

"మీ పిన్నిగారి మాట?"

"మా పిన్ని మీతో అబద్ధం చెప్పిందండీ."

ఈ వాక్యం నా నోట్లోంచి వచ్చింది.

"ఆధారం ఏమన్నా ఉందా?"

"నా కాగితాలు మేడం దగ్గరున్నాయి, ఉంటే. కానీ నూట ఇరవై మంది ఉన్నారు. వాళ్ళని అడగండి. ఒక్కొక్కళ్ళనీ అడగండి."

పెన్ను మూత పెట్టాడు. "దీనివల్ల మీకేం జరుగుతుందో తెలుసా?"

"తెలుసండీ."

జూలై 5, శుక్రవారం

తలుపు సగం తీసి అక్కడే నిలబడింది పిన్ని.

"ఆ పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చేశాడు. 'మీరు అబద్ధం చెప్పారని మీ అమ్మాయే అంటోందమ్మా' అన్నాడు. అరవై మూడేళ్ళు వచ్చాయి నాకు. ఇన్నేళ్ళలో ఒకళ్ళ చేత ఆ మాట అనిపించుకోలేదు."

"పిన్నీ, అది కాదు..."

"నీకోసం ఆడానే ఆ ఒక్క అబద్ధం. నన్ను నువ్వే పట్టిచ్చావు."

"మళ్ళీ ఏం చెప్పావు ఆయనకి?"

"చెప్పాల్సింది మొన్నే చెప్పానన్నాను. నా మాట మార్చను."

తలుపు వేసుకుంది. గట్టిగా కాదు. మెల్లగా, గడియ చప్పుడు వినపడేలా.

జూలై 8, సోమవారం

పిన్ని ఫోన్ ఎత్తలేదు.

జూలై 9, మంగళవారం

ఎత్తలేదు.

జూలై 13, శనివారం

ఎత్తలేదు. వీధి చివరిదాకా వెళ్ళి మిషను చప్పుడు విని వచ్చేశాను. ఆరోగ్యంగానే ఉంది.

జూలై 26, శుక్రవారం

బయటి డాక్టరు ఎవరి చేతా చేయించకుండా తనే కూర్చుని ఫోన్లు చేశాడట. ఊళ్ళు మారినవాళ్ళు పోగా నూట ఏడుగురు దొరికారు. ఇరవై తొమ్మిది మంది ఇబ్బంది వచ్చిందన్నారు. వాంతులు, దద్దుర్లు, వాపు. ఒకావిడ మూడు రోజులు కళ్ళు తెరవలేకపోయిందట. ఎలా ఉందో కనుక్కోవడానికి అప్పట్లో నేను ఫోన్ చేసినప్పుడు ఏడ్చింది, నాకు గుర్తుంది. వాళ్ళలో పదకొండు మందికి మందు వల్ల కాదని మేడమే చెప్పిందట.

డ్రైవరు రికార్డు దిద్దారు. తప్పుగా ఉన్న మిగతా రికార్డులూ దిద్దారు.

అరవై ఒకటి దిద్దలేదు. రోగి ఒప్పుకోందే దిద్దరు. ఆసుపత్రి లెక్కల్లో మా పిన్ని ఆ మందును బాగా తట్టుకుంది.

ఆగస్టు 2, శుక్రవారం

ఈ మందు మీద మేడం పత్రికలో వేయించిన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. మేడంని పదవి నుంచి తప్పించారు. నన్ను ఆరు నెలలు సూది ముట్టకుండా పాత ఫైళ్ళ గదికి వేశారు. ఎక్కువ అనిపించలేదు. తక్కువా అనిపించలేదు.

లిఫ్టులో ఇద్దరమే పడ్డాం. ఆవిడ చేతిలో అట్టపెట్టె. నాలుగో అంతస్తు నుంచి కిందికి.

"పన్నెండేళ్ళు నేర్పాను నీకు పని" అంది.

"నేర్పారు మేడం." ఇప్పటికీ మేడం అనే వచ్చింది నోటికి.

"నీకేం తక్కువ చేశాను?"

నాకు కావలసింది ఒకటే, అదే అడిగాను. "ఆరుగురు నర్సులున్నారు. చదివినవాళ్ళున్నారు, నాకన్నా చురుకైనవాళ్ళున్నారు. ఈ పనికి నన్నే ఎందుకు పిలిచారు?"

అబద్ధం చెప్పొచ్చు. నువ్వు మంచిదానివని, శ్రద్ధగా రాస్తావని ఏదో ఒకటి అనొచ్చు. చెబితే ఇవాళ కూడా నమ్మేసేదాన్ని, ఆ సంగతి ఆవిడకి తెలుసు కూడా. ఎందుకో చెప్పలేదు.

"నువ్వయితే నన్ను ఏమీ అడగవని" అంది.

తలుపులు తెరుచుకున్నాయి. పెట్టె బరువుగా ఉన్నట్టుంది, మోకాలితో ఎత్తి పట్టుకుంది. సాయం చేయడానికి చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. వెనక్కి లాక్కున్నాను.

ఆగస్టు 17, శనివారం

డ్రైవరు కనిపించాడు, గేటు దగ్గర. బస్సు మానేశాడట. గొంతు పూర్తిగా రాలేదు, పిల్లల్ని అదిలించలేకపోతున్నాడట. స్కూలు వాళ్ళు స్టోర్లో కూర్చోబెట్టారట. నన్ను చూసి నవ్వాడు గానీ ఆగలేదు. ఆగమని నేనూ అనలేదు.

సెప్టెంబరు 3, మంగళవారం

పిన్ని ఫోన్ చేసింది! పొడిపొడిగా నాలుగు మాటలు.

"గురువారం స్కాన్. మీ ఆసుపత్రి కాదు, వేరేది. పదింటికి. రావాలనిపిస్తే రా."

రావాలనిపిస్తే అట.

సెప్టెంబరు 5, గురువారం

తొమ్మిదింటికే వెళ్ళి కూర్చున్నాను. పిన్ని పదికి పావుగంట ఉందనగా వచ్చి, నాకూ తనకూ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చుంది. చిక్కింది. జుట్టు ముందువైపు బాగా నెరిసింది. తిన్నావా అని అడగబోయి, స్కాన్‌కి పరగడుపున రావాలని గుర్తొచ్చి ఊరుకున్నాను.

దారంతా ఒకటే ఆలోచన. మా ఆసుపత్రి నుంచి వచ్చే కాగితంలో ఏ ఇబ్బందీ లేదనే ఉంటుంది. పిన్ని మాట మార్చదు. నేను అడ్డుపడితే ఇంకోసారి అందరి ముందూ ఆవిణ్ని అబద్ధాలకోరుని చేసినట్టు. అడ్డుపడకపోతే, నేను చూస్తుండగా ఆవిడ ఒంట్లోకి మళ్ళీ ఏ మందు ఎక్కుతుందో. ఎన్నిసార్లు తిప్పి చూసినా మూడో దారే లేదు. అడ్డుపడాలనే నిర్ణయించుకున్నాను. ఈసారి ఆ తలుపు పూర్తిగా మూసుకుపోయినా సరే.

సిస్టర్ అట్ట పట్టుకుని వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. పిన్ని ముందు వంగి అడిగింది.

"ఇంతకుముందు స్కాన్ మందు ఎక్కించారా అమ్మా?"

"ఎక్కించారు."

"అప్పుడు ఏమన్నా ఇబ్బంది వచ్చిందా? పాత కాగితంలో లేదని ఉంది."

నేను నోరు తెరిచాను. పిన్ని నా వైపు చూడకుండానే చెయ్యెత్తింది, ఆగమని.

"నన్ను కదా అడిగింది."

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. మూడో రోజు పొద్దున లేచేసరికి దురద అని, ముందు కుడిచేయి, తర్వాత ఎడమది అని, బొబ్బలు చిటికెన వేలి గోరంత ఉన్నాయని, పదహారు రోజులు కత్తెర పట్టలేదని, రెండు వందల యూనిఫారాలు పక్కింటావిడ కుట్టి ఇచ్చిందని. ఆ పిల్ల వంచిన తల ఎత్తకుండా రాసుకుంటూ పోయింది.

"మరి ఇందులో లేదని ఎందుకు రాశారమ్మా?"

"ముందు వాళ్ళు కొట్టేశారు. తర్వాత ఒక పెద్దాయన అడిగితే నేనే లేదన్నాను. అబద్ధం చెప్పాను." కొంగు సర్దుకుంది. "ఇప్పుడు చెబుతున్నానుగా. రాసుకో."

సిస్టర్ లోపలికి వెళ్ళి వాళ్ళ డాక్టరును అడిగి వచ్చింది. రంగు మందు వద్దన్నాడట. ముందు మామూలు స్కాన్ తీస్తారట, చాలకపోతే అప్పుడు వేరే దారి చూస్తారట. పిన్ని తలూపి లేచింది. గాజులు, గొలుసు తీసి సంచిలో వేసింది. కళ్ళజోడు తీసి మడిచింది. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి నా మొహం సరిగ్గా ఆనదు. బహుశా అందుకే, నా వైపు తిరిగి నేరుగా చూసింది.

కళ్ళజోడు, సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"పారేయకు" అని లోపలికి వెళ్ళింది.